చిరు కందిరీగల వంశావళి: అండమాన్ తీరం నుంచి ఒక సింహావలోకనం

అండమాన్ అడవిలో పట్టిన మిల్లీమీటరు పొడవు కందిరీగ ఏ ప్రజాతిదో తేల్చాలంటే, ఎప్పుడో ఎవరో సెనెగల్‌లోనో కాంగోలోనో పట్టి, భద్రపరిచిన కందిరీగను కూడా చూడాల్సి రావచ్చు. కొత్తగా వినేవారికి ఇది వింతగా ఉంటుంది గానీ ఈ రంగంలో ఉన్నవారికి రోజువారీ సంగతే. ఇతర పురుగుల గుడ్లలోనో గొంగళుల ఒంట్లోనో గుడ్లు పెట్టి, తన పిల్లలను వాటి మీదే పెంచుకునే పరాన్నజీవి కందిరీగలకు మనుషులు గీసుకున్న సరిహద్దులు పట్టవు. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి సీషెల్స్, శ్రీలంక, మన తూర్పు కనుమలు, అండమాన్, నికోబార్ మీదుగా సుమత్రా దాకా హిందూ మహాసముద్రం చుట్టూ వాటి బంధువర్గం విస్తరించి ఉంది. ఆ బంధుత్వాలను విడదీసి, పేర్లు పెట్టి, పట్టికలకు ఎక్కించడానికి రెండున్నర శతాబ్దాలకు పైగా పట్టింది. ఆ పని ఇంకా సాగుతూనే ఉంది. దాన్ని మన దీవుల వైపు నుంచి ఒకసారి వెనుదిరిగి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

శాస్త్రం పుట్టకముందే ఈ జీవుల నడవడి మన పెద్దల కంటపడింది. కందిరీగ ఒక పురుగును పట్టి తెచ్చి మట్టిగూట్లో మూసేస్తుంది. కొన్నాళ్లకు ఆ గూటిలోంచి కందిరీగే బయటికి వస్తుంది. తుమ్మెద ఝంకారం వినీ వినీ కీటకం తుమ్మెదగా మారిపోయిందని అర్థం చెప్పుకుని, భ్రమరకీట న్యాయమని వేదాంతంలో దానికి చోటిచ్చారు. చూసింది నిజమే, చెప్పుకున్న కారణమే వేరు. గూటిలో పెట్టిన పురుగు కందిరీగ పిల్లకు ఆహారమని, పురుగు చచ్చి కందిరీగ పుడుతోందని తెలియడానికి చాలా కాలం పట్టింది. ఐరోపాలోనూ ఈ తికమక ఉండేది. క్యాబేజీ సీతాకోకచిలుక గొంగళి ఒంట్లోంచి చిన్న ఈగల్లాంటివి ఎందుకు వస్తున్నాయో ఇటలీలో వాలిస్నేరి, హాలెండులో లేవెన్‌హుక్ వంటివారు 1700 ప్రాంతంలో సరిగ్గా పసిగట్టారు. 1758లో స్వీడన్‌లో లిన్నేయస్ ప్రతి జీవికి రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని జంతువులన్నిటికీ వర్తింపజేశాక, తెలిసిన విషయాన్ని ఒక చోట నిలబెట్టుకునే వీలు చిక్కింది. మన కథ అక్కడ మొదలవుతుంది.

లిన్నేయస్ శిష్యుల్లో కీటకాల మీద అందరికంటే గట్టి పట్టు సాధించినవాడు డెన్మార్కుకు చెందిన ఫాబ్రీసియస్. ఆయనకు భారతదేశంతో ఉన్న లంకె తరంగంబాడి. అది డేనిష్ వర్తక స్థావరం. అక్కడి నుంచి వెళ్లిన కీటకాల పెట్టెలు ఆయన పుస్తకాలకు ఎక్కాయి. కందిరీగలు, తేనెటీగల వర్గం మీద ఆయన 1804లో ప్రత్యేకంగా ఒక గ్రంథమే వెలువరించాడు. నికోబార్ దీవుల మీద కూడా డెన్మార్కు 1756 నుంచే హక్కు చెప్పుకుంటూ వచ్చింది. ఆ హక్కు నిలబడిందా లేదా అన్నది వేరే సంగతి. దాని వల్ల కలిగిన మేలు మాత్రం ఒకటుంది: 1846లో గలథియా అనే డేనిష్ ఓడ ప్రకృతి శాస్త్రజ్ఞులతో నికోబార్ చేరింది. పన్నెండేళ్లకు, 1858 ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ఆస్ట్రియా యుద్ధనౌక నోవారా ప్రపంచ ప్రదక్షిణలో భాగంగా అదే దీవుల దగ్గర లంగరు వేసింది. ఫ్రావెన్‌ఫెల్డ్, జెలెబోర్ అనే ఇద్దరు జంతుశాస్త్రజ్ఞులు ఆ ఓడలో ఉన్నారు. ఆ యాత్రలో పోగుపడిన కందిరీగలు, తేనెటీగలను జెనీవాలో ఆన్రీ ద సొస్యూర్ పరిశీలించి 1867లో గ్రంథం వేశాడు. చీమలను వియన్నాలో గుస్తావ్ మాయర్ అంతకు రెండేళ్ల ముందే ముగించాడు. ఈ సొస్యూరే తర్వాతి కాలంలో మడగాస్కర్ కందిరీగల మీద కూడా పెద్ద పని చేశాడు. నికోబార్ కీటకం, ఆఫ్రికా దీవి కీటకం ఒకే బల్ల మీదికి రావడమన్న ఆనవాయితీ అంత తొలినాళ్లలోనే పడింది.

నోవారా నికోబార్‌లో ఉన్న నెలల్లోనే, 1858 మార్చిలో, ఆంగ్లేయులు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలసను స్థాపించారు. సిపాయి తిరుగుబాటులో పట్టుబడినవారిని తెచ్చి ఆ దట్టమైన అడవిని నరికించారు. ఆ చరిత్ర ఎంత చీకటిదో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ వలసతోనే కలకత్తా నుంచి క్రమం తప్పని ఓడల రాకపోకలు మొదలై, ఇండియన్ మ్యూజియం శాస్త్రజ్ఞులకు దీవుల దారి తెరుచుకుంది. జేమ్స్ వుడ్‌మేసన్ 1872లో అండమాన్ వెళ్లి జీవులను సేకరించాడు. డేనిష్ కుటుంబంలో పుట్టి ఆంగ్లేయ కొలువులో దీవుల్లో పనిచేసిన రోప్‌స్టార్ఫ్ నికోబార్ భాషలకు నిఘంటువు కూరుస్తూనే కీటకాలను కలకత్తాకు పంపేవాడు. 1883లో కామోర్టాలో ఒక సిపాయి చేతిలో హత్యకు గురయ్యాడు. ఆయన పంపినవాటిలో అందరి దృష్టీ సీతాకోకచిలుకల మీదే పడింది. కంటికి ఆనని కందిరీగలను అడిగినవారు ఆ రోజుల్లో అరుదు.

వుడ్‌మేసన్ పేరు తెలుగు రైతుకు తెలియకపోయినా, ఆయన పేరు పెట్టిన పురుగు మాత్రం బాగా తెలుసు. అది వరిలో ఉల్లికోడు. పొట్టలో కంకి ఉండాల్సిన చోట ఉల్లికాడ లాంటి గొట్టం మొలిపించే ఆ చిన్న ఈగకు 1889లో శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. ఆ ఈగ పిల్లల మీద బతికే నల్లని చిరు కందిరీగ ప్లాటిగాస్టర్ ఒరైజేకు పేరు పెట్టింది పీటర్ కామెరాన్. వరంగల్ పరిసరాల్లో, ఉత్తర కోస్తాలో ఉల్లికోడు ఉధృతంగా వచ్చిన ఏడాది గొట్టాలు చీల్చి చూస్తే, కొన్నిటిలో ఈగ పిల్లకు బదులు ఈ కందిరీగ పిల్లలు గుంపుగా కనిపిస్తాయి. ఈ జంట కథ ఆఫ్రికాలో మళ్లీ కనిపిస్తుంది. అక్కడి వరిలోనూ ఇలాంటి గొట్టాలే వచ్చేవి. అది మన ఉల్లికోడేనని చాలాకాలం అనుకున్నారు. 1982లో హారిస్, గాన్యే అనే ఇద్దరు పరిశోధకులు ఆ ఈగ వేరే జాతి అని తేల్చి కొత్త పేరు పెట్టారు. దాని మీద బతికే ప్లాటిగాస్టర్ కూడా మన దగ్గర ఉన్నది కాదు, దాని దాయాది. చూపుకు ఒకేలా ఉన్నవి వేరని తెలిసిన రోజున, ఒక ఖండంలో పనికొచ్చిన ఉపాయాన్ని రెండో ఖండంలో కళ్లు మూసుకుని వాడకూడదని కూడా తెలిసింది.

పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పేర్ల వరద వచ్చింది. లండన్‌లో ఫ్రాన్సిస్ వాకర్ అంతకు ముందే వందలాది చిరు కందిరీగలకు పేర్లు పెట్టి వెళ్లాడు. కామెరాన్ మన ఖాసీ కొండల నుంచి వచ్చినవాటిని ఆ బాటలోనే వర్ణించాడు. వర్ణనలు పొట్టివి. ఏ లక్షణంతో ఏది వేరో తేలేది కాదు. తర్వాతి తరాలు వాటిని చక్కబెట్టడానికి తమ జీవితాలను వెచ్చించాల్సి వచ్చింది. ఇది నిందగా చెప్పడం లేదు. వాళ్లు అంత తొందరగా పేర్లు పెట్టకపోతే ఆ పెట్టెలు తెరిచే నాథుడే ఉండేవాడు కాదేమో. బర్మా అడవుల శాఖలో పనిచేసిన బింగ్‌హామ్ 1897లో, 1903లో బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలకు కందిరీగలు, తేనెటీగలు, చీమల మీద రెండు సంపుటాలు అందించాడు. 1913లో క్లాడ్ మోర్లీ ఇక్న్యుమోనిడ్ల మీద మూడో సంపుటం మొదలుపెట్టాడు. అవి పెద్ద పరాన్నజీవులు. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల వర్గాలు ఆ గ్రంథమాల దాకా రానే లేదు. వాటి భారం మోసినవాడు లొరైన్ సీమలోని బిచ్ పట్టణంలో పాఠాలు చెప్పుకుంటూ, తన గదిలోనే ప్రపంచం నలుమూలల చిరు కందిరీగలను వర్ణించిన మతగురువు జాన్‌జాక్ కీఫర్. పెర్సీ స్లేడెన్ ట్రస్టు యాత్ర సీషెల్స్ దీవుల నుంచి తెచ్చినవాటిని కూడా ఆయనే చూశాడు. హిందూ మహాసముద్రపు పడమటి అంచు దీవుల చిరు కందిరీగలు అలా తొలిసారి ఒక క్రమంలోకి వచ్చాయి. తూర్పు అంచున ఉన్న అండమాన్‌కు ఆ అదృష్టం దక్కడానికి చాలా ఏళ్లు పట్టింది.

తర్వాతి మలుపు ఆఫ్రికా నుంచే వచ్చింది. నిద్రజబ్బును మోసే ట్సీట్సీ ఈగ, పంటలను తినే పురుగులు ఆఫ్రికా వలసలను కుదిపేస్తుంటే 1909లో లండన్‌లో ఉష్ణమండల ఆఫ్రికా కోసం ఒక కీటక పరిశోధన సంఘం వేశారు. నాలుగేళ్లకు అదే ఇంపీరియల్ బ్యూరో ఆఫ్ ఎంటమాలజీగా మారింది. సామ్రాజ్యంలో ఏ మూల ఏ పురుగు పంట తిన్నా, దాని మీద ఏ కందిరీగ కనిపించినా సీసాలో వేసి అక్కడికి పంపితే పేరు చెప్పేవారు. మన పూసా నుంచి, కోయంబత్తూరు నుంచి వెళ్లిన పెట్టెలు, నైజీరియా, టాంగన్యికా నుంచి వెళ్లిన పెట్టెలు ఒకే గదిలో తెరుచుకున్నాయి. ఆ గదిలో కూర్చున్నవారిలో నిక్సన్ ముఖ్యుడు. ఆయన 1935లో ఆఫ్రికా టెలెనోమస్ వర్గాన్ని సమీక్షించి, రెండేళ్లకే ఆసియా జాతుల మీదికి వచ్చాడు. వరిలో కాండం తొలిచే పురుగు గుడ్ల ముద్దలను గుడ్లుగానే తినేసే టెలెనోమస్ మన రైతుకు ఎంత మేలు చేస్తుందో వ్యవసాయ శాఖవారిని అడిగితే చెబుతారు. ఆ వర్గానికి ఆసియాలో శాస్త్రీయ పునాది వేసినవారిలో ఆఫ్రికా మీద చేయి తిప్పుకుని వచ్చిన నిక్సన్ ఒకడు. ఆ కాలంలో మన వైపున కోయంబత్తూరులో టి.వి. రామకృష్ణ అయ్యర్ దక్షిణ భారత పంటల మీది పరాన్నజీవులను ఓపికగా పెంచి, ఏ పురుగు నుంచి ఏ కందిరీగ వచ్చిందో రాసిపెట్టారు. లండన్ వాళ్లకు పేరు తెలిసేది, మన వాళ్లకు బతుకు తెలిసేది. ఈ పంపకం స్వాతంత్ర్యం దాకా సాగింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆఫ్రికాలో ఫ్రెంచివారి పని ఊపందుకుంది. సెనెగల్‌లోని బాంబెయ్ పరిశోధన కేంద్రంలో జాన్ రిస్బెక్ పంటల పురుగుల నుంచి వచ్చిన కందిరీగలను కుప్పలుగా వర్ణించాడు. 1950లో ఆయన ఏర్పరచిన ఫ్యూసికార్నియా ప్రజాతి వాటిలో ఒకటి. పడమటి ఆఫ్రికాలో పుట్టిన ఆ పేరు తర్వాత ఉష్ణమండల ఆసియా అడవుల్లోనూ నిలబడింది. 1958లో, ఇరవై ఏళ్లు దాటి ఎన్నాళ్లో కాని ఒక చెక్ యువకుడు, లూబోమీర్ మాస్నర్, ఒక వింత కందిరీగకు కొత్త ప్రజాతి కట్టి, నిక్సన్ గౌరవార్థం నిక్సోనియా అని పేరు పెట్టాడు. ఈ వ్యాసంలో నేను కొంచెం ఎక్కువసేపు ఆగదలచుకున్నది దీని దగ్గరే. నిక్సోనియా అరుదైనది. ఎక్కువ జాతులు సహారాకు దక్షిణాన ఆఫ్రికాలో ఉన్నాయి, కొన్ని ఆసియాలో దొరికాయి. దాని బంధువుల్లో చాలావరకు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లవి కాగా ఇది వాటి మధ్య భారీకాయం. శరీర నిర్మాణంలో తన వంశపు పాత లక్షణాలను వదలకుండా పట్టుకుని ఉంది. కాబట్టి మొత్తం వంశం ఎలా చీలిందో తెలుసుకోవాలంటే దీన్ని దాటి వెళ్లే దారి లేదు.

మాస్నర్ ఆ తర్వాత 1968లో కెనడాకు వలస వెళ్లి ఒటావాలో స్థిరపడ్డాడు. అదే ఏడాది ఆయన దక్షిణాఫ్రికా కేప్ తీరం నుంచి ఎక్‌త్రోడెసిస్ అనే ఇంకో వింతను వర్ణించాడు. పోటు వచ్చినప్పుడు మునిగి, పాటు తీసినప్పుడు తేలే సముద్రపు రాళ్ల నెర్రెల్లో బతికే సాలీడు గుడ్లలో ఇది పెరుగుతుంది. రెక్కలు దాదాపు లేనే లేవు. ఒకే ప్రజాతి, ఒకే జాతి, ఒకే తీరం. పగడపు రాళ్ల తీరాలు ఇన్ని ఉన్న అండమాన్‌లో పాటు సమయంలో రాళ్ల సందుల్లో సాలీడు గూళ్లు వెతకాలన్న ఆలోచన ఆ వ్యాసం చదివినప్పుడల్లా నాకు వస్తుంది. 1976లో మాస్నర్, నిక్సోనియాను అప్పట్లో చేర్చిన సిలియోనిడ్ కుటుంబంలో ప్రపంచ ప్రజాతులన్నిటికీ గుర్తింపు పట్టికలు ప్రచురించాడు. అంతవరకు ఏ ప్రజాతి ఎక్కడిదో తెలియాలంటే పది దేశాల పత్రికలు తిరగెయ్యాల్సి వచ్చేది. ఆ పుస్తకం చేతికొచ్చాక అలీగఢ్‌లో కూర్చున్నవాడూ కాలికట్‌లో కూర్చున్నవాడూ ఆఫ్రికా ప్రజాతిని పేరు పెట్టి పిలవగలిగాడు. అన్ని పుస్తకాల కంటే ఈ ఒక్కటి మన ప్రాంతపు పనిని ఎక్కువ కదిలించిందని నా అభిప్రాయం.

ఈ గుర్తింపు ఎలా సాగుతుందో దగ్గరగా చూస్తే గానీ పట్టికల విలువ తెలియదు. పసుపుపచ్చ గిన్నెలో నీళ్లు పోసి, రెండు చుక్కల సబ్బు కలిపి అడవి నేల మీద పెడతారు. పసుపు రంగుకు ఆకర్షించబడి వచ్చిన చిరు కందిరీగలు అందులో పడతాయి. వాటిని వడకట్టి ఆల్కహాలులో దాచి, ఆరబెట్టి, సన్నని ముక్కోణపు అట్టముక్క కొసకు జిగురుతో అంటిస్తారు. ఆ అట్టకు సూది, సూదికి చీటీ: ఊరు, తేదీ, పట్టినవారి పేరు. చీటీ లేని నమూనాకు విలువ లేదు. ఇక సూక్ష్మదర్శిని కింద లెక్క మొదలు. మీసంలో ఎన్ని ముక్కలు? పాదంలో ఎన్ని కణుపులు? మూడే ఉంటే ట్రైకోగ్రామా కుటుంబం, నాలుగైతే యూలోఫిడ్ల వైపు చూడాలి, ఐదుంటే దారి ఇంకెటో. వెనుక తొడ ఉబ్బి అంచున పళ్లున్నాయా? అయితే కాల్సిడిడ్. తలపై నల్లని గీతలు హెచ్ ఆకారంలో ఉన్నాయా, రెక్క అంచున పొడవాటి వెంట్రుకలు కుచ్చులా ఉన్నాయా? అయితే మైమరిడ్. ముందు రెక్కలోని నరం ఎక్కడ ఆగింది, వీపు మీద రెండు గాడులు వెనుక దాకా వెళ్లాయా మధ్యలో చెరిగిపోయాయా అని ఒక్కో ప్రశ్నకు అవుననో కాదనో జవాబిస్తూ మెట్టు మెట్టుగా దిగాలి. చివరి మెట్టు దగ్గర పట్టికలో ఉన్నదానికీ కళ్లముందు ఉన్నదానికీ పొంతన కుదరకపోతే, అది కొత్తదైనా అయి ఉండాలి, పట్టిక రాసినవాడు చూడని ప్రాంతానిదైనా అయి ఉండాలి. తేల్చడానికి మూల నమూనా చూడాలి. అది లండన్‌లోనో పారిస్‌లోనో జెనీవాలోనో ఉంటుంది.

మన వాళ్లు ఈ దూరాన్ని తగ్గించిన తీరు నిజంగా గర్వించదగ్గది. తంజావూరు సీమలో 1908లో పుట్టిన ఎం.ఎస్. మణి 1938లోనే, పైన చెప్పిన ట్రైకోగ్రామా, మైమరిడ్ వంటి కుటుంబాలు చేరే కాల్సిడ్ కందిరీగల భారత జాబితా సంకలనం చేశారు. ఆగ్రాలో ఒక తరం విద్యార్థులను తయారు చేసి, 1989లో ఎనభై ఏళ్లు దాటాక అదే వర్గం మీద భారత జంతుజాల గ్రంథాన్ని వెలువరించారు. యాభై ఏళ్ల ఎడంతో ఒకే మనిషి ఒకే వర్గానికి జాబితా, గ్రంథం రెండూ ఇవ్వడం అరుదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో వి.కె. గుప్తా టౌన్స్ దంపతులతో కలిసి 1961లో ఇండో ఆస్ట్రేలియా ఇక్న్యుమోనిడ్ల వర్గీకరణను తిరగరాశారు. ఆ టౌన్స్ దంపతులే 1973లో ఆఫ్రికా ఇక్న్యుమోనిడ్లకూ అదే పని చేశారు. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎదిగిన బి.ఆర్. సుబ్బారావు తర్వాత లండన్‌లోని కామన్వెల్త్ కీటక శాస్త్ర సంస్థలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒకప్పుడు మనం పెట్టెలు పంపి పేర్ల కోసం ఎదురుచూసిన చోటే మన మనిషి ఇతర దేశాల పెట్టెలు విప్పి పేర్లు చెప్పారు. ఆయన, అలీగఢ్‌కు చెందిన మహమ్మద్ హయాత్ కలిసి 1985, 86 సంవత్సరాల్లో భారత్, పొరుగు దేశాల కాల్సిడ్ కందిరీగల మీద సంపాదకత్వం వహించిన రెండు సంపుటాలు నేటికీ బల్ల మీది పుస్తకాలే. కాలికట్‌లో టి.సి. నరేంద్రన్ 2013లో కన్నుమూసేదాకా శిష్యులను తీర్చిదిద్దుతూనే ఉన్నారు. బెంగళూరులో నాగరాజ, సుధా నాగర్కట్టి ట్రైకోగ్రామా జాతులను రంగును బట్టీ పరిమాణాన్ని బట్టీ కాక మగ జననాంగాల నిర్మాణాన్ని బట్టి విడదీయాలని 1960ల చివర నిరూపించారు. చెరకు, వరి పొలాల్లో మన రైతులు ఆకులకు కుట్టే ట్రైకో కార్డుల్లో ఏ జాతి ఉందో ఈనాడు నిశ్చయంగా చెప్పగలుగుతున్నామంటే, ఆ ఆధారం వారిదే.

పేరు తేలడం ఎంత విలువైనదో రెండు పంటలు చూపించాయి. 1980ల మొదట్లో పడమటి ఆఫ్రికాలో టోగో, ఘనా, బెనిన్ దేశాల్లో మామిడి చెట్లకు ఒక పిండినల్లి పట్టి కాపు పోయింది. మొదట దాన్ని వేరే జాతిగా పొరబడ్డారు. 1986లో అది కొత్త జాతి అని, దక్షిణాసియా నుంచి వచ్చిందని తేలాక బెంగళూరులోని జీవనియంత్రణ కేంద్రం మన మామిడి తోటల్లో దాని శత్రువును వెతికి పట్టింది. జైరనూసోయిడియా టెబిగి అని జాన్ నాయిస్ పేరు పెట్టిన ఆ కందిరీగను 1987లో టోగోలో వదిలారు. ఆఫ్రికా మామిడి మళ్లీ కాసింది. కర్రపెండలం కథ దీనికి ఎదురు దిశలో నడిచింది. ఆఫ్రికాలో కర్రపెండలాన్ని మాడ్చిన పిండినల్లికి శత్రువులుగా దక్షిణ అమెరికా ఉత్తరాన వెతికి తెచ్చినవి పనిచేయలేదు. కారణం, అక్కడ చూసింది పోలికగల మరో జాతి. 1981లో పరాగ్వేలో అసలు పిండినల్లి, దాని మీద అనాగైరస్ లోపెజీ అనే కందిరీగ దొరికాయి. ఆఫ్రికా అంతటా వదిలిన ఆ కందిరీగ కోట్ల మందికి తిండి నిలబెట్టింది. ఆ పని నడిపిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. 2020లో అదే పిండినల్లి కేరళలో దిగింది. అప్పుడు బెంగళూరులోని జాతీయ సంస్థ బెనిన్ నుంచి ఆ కందిరీగను తెప్పించి, 2022లో తమిళనాడు పెండలం తోటల్లో వదిలింది. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం పరిశ్రమ మీద బతికేవారికి ఈ వార్త దూరపుది కాదు.

ఇక దీవుల సంగతి. 1916లో ఏర్పడిన భారత జంతు సర్వేక్షణ సంస్థ పోర్ట్ బ్లెయిర్‌లో ప్రాంతీయ కేంద్రాన్ని 1977లో తెరిచింది. మరుసటి ఏడాదే కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ అక్కడ మొదలైంది. అంతవరకు దీవుల కీటకాలన్నీ ఓడెక్కి బయటికి పోయినవే. నేల మీదే ఉండి, వానకాలం, ఎండకాలం అంతా చూసేవారు అప్పటి నుంచి వచ్చారు. 1990లలో పోర్ట్ బ్లెయిర్‌లో పనిచేసిన కె. వీణాకుమారి, ప్రశాంత్ మోహన్‌రాజ్ దీవుల సీతాకోకచిలుకల మీద చేసిన పని అందరికీ తెలుసు. తర్వాత బెంగళూరు చేరాక వీణాకుమారి చిరు కందిరీగల వైపు తిరిగి, సిలియోనిడ్, ప్లాటిగాస్ట్రిడ్ వర్గాల్లో దేశమంతటి నుంచి కొత్త జాతులను వెలికితీశారు. కోళికోడ్‌లో జంతు సర్వేక్షణ సంస్థ తరఫున కె. రాజ్‌మోహన అదే వర్గంలో నిలిచారు. 1934లో బర్మాలో స్వీడన్ యాత్రికుడు రెనే మలేజ్ తొలిసారి పరీక్షించిన గుడారపు వల, పసుపు గిన్నె ఈ తరానికి ప్రధాన పరికరాలయ్యాయి. వలతో అడవంతా పరుగెత్తే కాలం పోయి, ఒక చోట గిన్నె పెట్టి ఓపిక పట్టే కాలం వచ్చింది. కంటికి ఆనని వర్గాలు బయటపడింది అప్పుడే. 2004 డిసెంబరు 26 సునామీ నికోబార్ తీరాల కొబ్బరి తోటలను, తీరపు అడవిని ఊడ్చుకుపోయింది. ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అక్కడ ముందు ఏ కందిరీగలు ఉండేవో చెప్పడానికి మన దగ్గర నమూనాలు తక్కువ. ఇది తలుచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

కొత్త శతాబ్దంలో ఆఫ్రికా, ఆసియా పట్టికలు ఒకటయ్యాయి. 2006లో నార్మన్ జాన్సన్, మాస్నర్ కలిసి నిక్సోనియా ప్రపంచ జాతులన్నిటినీ సమీక్షించారు. దక్షిణ ఆఫ్రికాలో జొన్న, సజ్జ పంటలను తినే కవచపు మిడతల జాతి ఒకటుంది. నిక్సోనియా వాట్షమీ దాని గుడ్లలోనే పెరుగుతుందని అందులో నమోదైంది. నిక్సోనియా బతుకు గురించి లోకానికి తెలిసిన కొద్ది విషయాల్లో ఇది ముఖ్యమైనది. 2008లో రిస్బెక్ ఫ్యూసికార్నియాను తిరగరాసిన బృందంలో మన రాజ్‌మోహన ఉన్నారు. 2009లో కేప్‌టౌన్ ఇజికో మ్యూజియానికి చెందిన సైమన్ వాన్ నూర్ట్, జాన్సన్ కలిసి దక్షిణాఫ్రికా నుంచి కొత్త నిక్సోనియాలను వెలువరించారు. 2011లో రాజ్‌మోహన, వీణాకుమారి భారతదేశం నుంచి ద్వివర్ణస్ అనే కొత్త ప్రజాతిని కట్టారు. ఐదేళ్లకు అమెరికా, కెన్యా పరిశోధకులు ఆ ప్రజాతిని సమీక్షిస్తూ ఆఫ్రికాలోనూ దాని జాతులను చూపారు. ఇంతకాలం ఆఫ్రికా పేర్లు మన నమూనాలకు అతికాయి. ఈసారి మన పేరు ఆఫ్రికా నమూనాకు అతికింది. ఈ వంతు మారడాన్ని నేను ఈ చరిత్రలో అతి ముఖ్యమైన మలుపుల్లో ఒకటిగా లెక్కిస్తాను.

జన్యు క్రమాల లెక్క చేరాక వంశవృక్షం మళ్లీ కదిలింది. 2021లో, సిలియోనిడ్లు, ప్లాటిగాస్ట్రిడ్లు చేరే ప్లాటిగాస్టర్ మహాకుటుంబాన్ని డీఎన్ఏతో, శరీర లక్షణాలతో కలిపి తూచిన అధ్యయనం నిక్సోనియాను సిలియోనిడ్ కుటుంబం నుంచి తప్పించి, నిక్సోనియిడే అనే సొంత కుటుంబంగా నిలబెట్టింది. 1958లో ఒక యువకుడు సూక్ష్మదర్శిని కింద చూసి ఇది వేరని పసిగట్టింది, అరవై మూడేళ్ల తర్వాత జన్యువుల సాక్ష్యంతో ఇంకా పెద్ద వేరుగా తేలింది. మరుసటి ఏడాది కాల్సిడ్ కందిరీగలను యాభై కుటుంబాలుగా విడగొట్టారు. 22 వేలకు పైగా జాతులకు పేర్లున్న ఆ వర్గంలో పేరు లేనివి అంతకు ఎన్నో రెట్లు ఉంటాయని నిపుణుల అంచనా. పద్ధతులు మారాయి గానీ సూది, చీటీ, ముక్కోణపు అట్టముక్క మారలేదు. డీఎన్ఏ తీయాలన్నా ముందు ఆ చిరుజీవిని ఎవరో ఒకరు సరిగ్గా పట్టి, సరిగ్గా దాచి, చీటీ రాయాలి.

గ్రేట్ నికోబార్‌లో తలపెట్టిన భారీ ప్రాజెక్టు కోసం 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని మళ్లించడానికి 2022లో అనుమతులు వచ్చాయి. ఆ ప్రాజెక్టు మీద అభిప్రాయాలు ఎలా ఉన్నా ఒక విషయంలో అందరూ ఏకీభవించగలరు. చెట్టు పడకముందే అక్కడ ఏడాది పొడవునా గిన్నెలు, గుడారపు వలలు పెట్టి, దొరికిన ప్రతి చిరు కందిరీగనూ చీటీతో పోర్ట్ బ్లెయిర్, కలకత్తా సంగ్రహాలకు చేర్చాలి. పేర్లు పెట్టడం తర్వాత జరిగినా ఫర్వాలేదు, నమూనా మాత్రం ఇప్పుడే కావాలి. విశాఖ నుంచి ఓడెక్కి వెళ్లి అండమాన్‌లో స్థిరపడిన శ్రీకాకుళం, విశాఖ కుటుంబాల పిల్లలు నేడు అక్కడి కళాశాలల్లో జంతుశాస్త్రం చదువుతున్నారు. తీరపు రాళ్లు, కొబ్బరి తోటలు, అడవి దారులు బయటినుంచి వచ్చేవారి కంటే వాళ్లకు బాగా తెలుసు. వాళ్లలో కొందరికైనా ఈ పని నేర్పే ఏర్పాటు జంతు సర్వేక్షణ సంస్థ, ఆంధ్ర విశ్వవిద్యాలయం కలిసి చేయాలని, వచ్చే వానకాలానికే మొదటి గిన్నెలు గ్రేట్ నికోబార్ నేల మీద ఉండాలని కోరుతున్నాను.